గోనేరు లోయలో కనీస విస్మయం

గోనేరు లోయను చూసి ఆశ్చర్యపోవడం ఇన్నేళ్ళూ ఎవరిష్టానికి వాళ్ళకి వదిలేసి ఉండేది. పోయిన సంవత్సరం నుంచి తప్పనిసరి చేశారు. ఈ సంగతి మాకు టిక్కెట్లు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా తెలియదు. తెలిసి ఉంటే ఇంకెవర్నైనా తీసుకెళ్ళేవాణ్ణి గానీ మా బావని తీసుకెళ్ళి ఉండేవాణ్ణి కాదు.

మా బావ పేరు కొత్తమాసు పాండురంగం. గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొంటాడు. టిక్కీ అనే మిర్చి బస్తాని కోసి కాయల్ని బయటికి లాగినప్పుడు కొనేవాడి కనుబొమ్మ కాస్త పైకి లేచిందంటే ధర కూడా దాంతోపాటు లేస్తుంది. అందుకని ఆయన పెళ్ళికి ముందే కనుబొమ్మల్ని అదుపులో పెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక వాటిని మళ్ళీ వదల్లేదు. మా అక్క ఇందుమతి కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే "పర్లేదు" అంటాడు. కూతురికి మెడిసిన్‌లో సీటు వచ్చిందని ఫోనొస్తే "పర్లేదు" అన్నాడు. ఒకసారి వంటింట్లోకి తాచుపాము దూరితే దాన్ని చూసి కూడా అదే మాట అన్నాడని అక్క చెబుతుంది. అది మాత్రం నేను నమ్మను.

వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు నిండిన సందర్భంగా ఎక్కడికైనా వెళ్దామని అక్క పట్టుబట్టింది. గుళ్ళు వద్దంది. సముద్రం వద్దంది. గోనేరు లోయ ఫొటో ఒకటి ఎక్కడో చూసింది. ఎర్రటి కొండ నిలువునా రెండుగా చీలిపోయి, మధ్యలో పాతాళంలాంటి గండి, అడుగున సన్నగా ఆకుపచ్చటి ఏరు.

"ఒరేయ్ మధూ, దీన్ని చూసి పర్లేదు అనే మనిషి ఉంటాడంట్రా?" అంది.

"ఉండకూడదు" అన్నాను.

"ఈయన నోటమ్మట 'అబ్బ' అన్న మాట ఒక్కసారి వినాలిరా. ఒక్కసారి వింటే చాలు, మిగతా పాతికేళ్ళు నేను ఏమీ అడగను."

కారు నాది కాబట్టి నేనూ బయల్దేరాను. తెల్లారగట్ల గుంటూరులో మొదలుపెడితే ఎండెక్కే వేళకి గోనేరు చేరుకున్నాం.

గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. "జాతీయ ఉద్యానవనానికి స్వాగతం. విస్మయపడుట సందర్శకుల బాధ్యత" అని రాసి ఉంది. మనవాళ్ళ బోర్డులు అలాగే ఉంటాయి కదా అనుకుని ముందుకి నడిచాం.

లోయ అంచున పొడుగ్గా ఇనప రైలింగు ఉంది. రైలింగు నుంచి లోయ మీదికి చాచిన కడ్డీల చివర కెమెరాలు బిగించారు. అవి లోయ వైపు కాకుండా మన వైపు చూస్తుంటాయి. రైలింగుకి వీపు ఆనించి, లోయకి పెడముఖంగా, మెళ్ళో టై కట్టుకుని కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన నిలబడి వచ్చేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ పరీక్షగా చూస్తున్నారు. ఆయన చొక్కాకి ఉన్న పలక మీద "సీతంరాజు ధనుంజయరావు, సహాయ సంచాలకులు, విస్మయ విభాగం" అని ఉంది.

ముందు మా అక్క రైలింగు దగ్గరికి వెళ్ళింది. చూసింది. రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని "అమ్మో, అమ్మో" అంది. ఎక్కడో గంట మోగింది. గొడుగు కింద కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి "ఎనభై ఒకటి. వెళ్ళొచ్చమ్మా" అంది.

తర్వాత నేను. నాకు పుట్టుకతోనే నోరు కాస్త తెరుచుకుని ఉంటుంది. లోయ పూర్తిగా కనపడకముందే గంట మోగింది.

తర్వాత మా బావ వెళ్ళాడు. చేతులు వెనక్కి కట్టుకుని లోయని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. కిందికి చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. ఆయన సరుకు చూసేది కూడా అలాగే. అక్క ఊపిరి బిగబట్టి ఆయన పెదాల వంకే చూస్తోంది.

"పర్లేదు" అన్నాడు మా బావ.

గంట మోగలేదు. కంప్యూటరు అమ్మాయి తెరని వేలితో తట్టి చూసింది. "మూడు" అంది. "అది కూడా ఎండకి కళ్ళు చిట్లించినందుకు వచ్చింది సార్."

ధనుంజయరావుగారు మా బావ దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా నమస్కరించారు.

"తమరి ముఖమండలమందు విస్మయ లక్షణములు ప్రస్ఫుటముగా ద్యోతకం కావడం లేదు. కనీస విస్మయం నూటికి నలభై. అంతకు తక్కువ వచ్చిన సందర్శకులను బయటకు అనుమతించుటకు నిబంధనలు అంగీకరించవు."

"అంటే?" అన్నాడు మా బావ.

"తమరు ఆశ్చర్యపడేవరకు మా అతిథులు."

మేము తమాషా అనుకున్నాం. బయటికి వెళ్ళే గేటు దాకా నడిచి వెళ్ళి చూశాం. గేటు తెరుచుకోలేదు. నేను నిలబడితే తెరుచుకుంది, అక్క నిలబడితే తెరుచుకుంది, బావ నిలబడగానే మూసుకుంది. వెనక్కి వచ్చి, ఇదెక్కడి రూలని నేను కాస్త గట్టిగానే అడిగాను.

ధనుంజయరావుగారు ఓపిగ్గా వివరించారు. ప్రపంచంలోని వింతల పట్టిక తయారుచేసే విదేశీ బృందం ఒకటి ఏడాది కిందట ఇక్కడికి వచ్చిందట. లోయ అద్భుతంగా ఉందనీ, సందర్శకుల ఆశ్చర్యం మాత్రం ప్రపంచ స్థాయిలో లేదనీ రాసి వెళ్ళిందట. ఎక్కువమంది లోయకి వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు, కొంతమంది బజ్జీలు తింటున్నారు, ఒకాయన లోయ ముందు కూర్చుని ఫోన్‌లో ఇంకో లోయ వీడియో చూస్తున్నాడు.

"లోయను అభివృద్ధి చేయుట మన చేతిలో లేదు. అది ఇప్పటికే లోతుగా ఉన్నది. కావున సందర్శకులను అభివృద్ధి చేయవలెనని ఉన్నత స్థాయిలో నిర్ణయించడమైనది" అన్నారు.

నాకు కోపం వచ్చింది. అక్కకి మాత్రం రాలేదు. అక్క కళ్ళు మెరిశాయి. పాతికేళ్ళుగా తనొక్కతే చేస్తున్న పోరాటానికి ఇన్నాళ్ళకి ప్రభుత్వం తోడొచ్చింది.

"మీరు కానివ్వండి సార్" అంది ధనుంజయరావుగారితో. "ఏం చేసైనా సరే. నేను ఇక్కడే కూర్చుంటాను."

"ఇందూ" అన్నాడు మా బావ.

"మీరు మాట్లాడకండి. ఆశ్చర్యపడండి."

ఆశ్చర్యం చాలనివాళ్ళని ఉంచే చోటుకి పునర్దర్శన కేంద్రం అని పేరు. రేకుల పందిరి, సిమెంటు బల్లలు. అక్కడ అప్పటికే ఇద్దరున్నారు. ఒకాయన నెల్లూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరరు. ఆయన లోయని చూసి, "దీనికి కారణాలున్నాయి" అన్నాడట. రెండో మనిషి గంగులమ్మ. ఆమె ఊరు లోయకి అవతల ఉంది, మేకల మేత ఇవతల ఉంది. రోజూ పొద్దున మేకలు తోలుకుని వస్తుంది. మేకలకి రూలు లేదు కాబట్టి అవి సాయంత్రానికి వాటంతట అవే ఇంటికి వెళ్ళిపోతాయి. ఈమెని మాత్రం ఆపేస్తారు.

"మరి ఎట్లా వెళ్తావమ్మా రోజూ?" అని అక్క అడిగింది.

"ఏముంది తల్లీ, కాసేపు కూర్చుంటా. కోడలు ఫోన్ జేసి, 'అత్తా, ఈపొద్దు నేనే వొండినా' అంటాది. అది ఇని నాకు యాడలేని ఆశ్చర్యం వస్తాది. గంట కొడతాది. పోతా" అంది గంగులమ్మ. "రెండు దినాల్నించి ఫోన్ చెడిపోయింది. ఈడనే ఉండా."

మా బావ మీద ప్రయత్నాలు మొదలయ్యాయి. మొదట కళ్ళకి గంతలు కట్టి, చెయ్యి పట్టుకుని అంచు దాకా నడిపించి ఒక్కసారిగా విప్పారు. రెండొచ్చింది. ఇందాకటికంటే తగ్గింది, ఎందుకంటే ఈసారి మబ్బు పట్టడం వల్ల ఎండకి కళ్ళు చిట్లించలేదు.

తర్వాత ఆకాశవాణి గొంతు ఉన్న ఒక మైకు పెట్టారు. "ఓ సందర్శకుడా, కోటానుకోట్ల సంవత్సరాల కాలగర్భాన్ని నీ కనుల ముందు పరచిన ఈ మహాగహ్వరాన్ని తిలకించి పులకించుము" అని అది అరిచింది. ఇద్దరు ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్ళు బావకి అటొకడూ ఇటొకడూ నిలబడి నమూనాగా ఆశ్చర్యపడి చూపించారు. ఒకడు గుండె మీద చెయ్యి వేసుకుని "ఆహా" అన్నాడు. రెండోవాడు "ఓహో" అనాలి, కానీ వాడికి ఆవలింత వచ్చింది. మా బావ వాడి వంక జాలిగా చూశాడు. రెండే వచ్చింది.

ధనుంజయరావుగారికి పట్టుదల పెరిగింది. "తులనాత్మక పద్ధతి" అన్నారు. అంటే ముందు ఏ విశేషమూ లేని వస్తువుని చాలాసేపు చూపించి, ఆ తర్వాత లోయని చూపిస్తే మనిషి తట్టుకోలేడని సిద్ధాంతం. దాని కోసం ప్రత్యేకంగా ఒక గది కట్టారు. గదిలో ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. మా బావని ఆ గోడ ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. లోపల కూడా ఒక కెమెరా ఉంది.

కాసేపటికి కంప్యూటరు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"సార్, గోడని చూసి పదకొండు వచ్చింది."

ధనుంజయరావుగారు గదిలోకి వెళ్ళారు. వెనకే మేమూ వెళ్ళాం.

"ఈ గోడయందు తమకు గోచరించిన విశేషమేమి?" అని అడిగారు.

"ఏం లేదు సార్" అన్నాడు మా బావ. "ఇంత గోడ ఉంది, దీనికి మేకు లేదు, క్యాలెండరు లేదు. ఎందుకు కట్టారా అని."

ధనుంజయరావుగారు నుదురు తుడుచుకున్నారు. లోయకి రెండు, గోడకి పదకొండు అన్న సంగతి పైవాళ్ళకి తెలిస్తే గోడకే టిక్కెట్టు పెడతారని ఆయన భయం.

మధ్యాహ్నం దాటింది. అక్క తెచ్చిన పులిహోర అందరం తిన్నాం. లెక్చరరుకి పెట్టాం, గంగులమ్మకి పెట్టాం, ధనుంజయరావుగారికి కూడా పెట్టాం. ఆయన నిలబడే, మా మొహాలు గమనిస్తూనే తిన్నారు. ప్రయాణంలో అలసిపోయి అక్క మొహం కొంచెం వాడింది. మా బావ అది చూశాడనుకుంటాను.

ఎవరూ అడక్కుండానే లేచి రైలింగు దగ్గరికి వెళ్ళాడు. కెమెరా ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి తనంతట తనే ప్రయత్నించాడు. కనుబొమ్మలు పైకి లేపబోయాడు. అవి లేవలేదు. రెండు బొటనవేళ్ళతో వాటిని పైకి నెట్టి పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. ఎంత తెరవాలో తెలియక చాలా తెరిచాడు. అలాగే నిలబడ్డాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసింది.

"పంటినొప్పి అని చూపిస్తోంది సార్" అంది కంప్యూటరు అమ్మాయి. "ప్రథమ చికిత్సకి పంపమంటోంది."

కుర్రాళ్ళిద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు.

మా బావ బొటనవేళ్ళు తీసేశాడు. కనుబొమ్మలు ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి.

"పోనీ, తమరి మాటల్లో చెప్పండి" అన్నారు ధనుంజయరావుగారు, కాస్త మెత్తబడి. "లోయను గూర్చి తమరి అభిప్రాయమేమి? సంకోచించవద్దు."

మా బావ చాలాసేపు లోయ వంక చూశాడు. ఎదుటి కొండ మీద ఎరుపు పొరలు పొరలుగా ఉంది. ఒక పొర ముదురు, ఒక పొర లేత, ఒకటి నల్లబారిన ఎరుపు.

"రంగు దిగలేదు సార్" అన్నాడు. "ఇన్నాళ్ళు ఎండలో ఉంది, వానలో ఉంది, రంగు దిగలేదు. ఈ చివర నుంచి ఆ చివరికి ఎక్కడా తాలు లేదు."

"తాలు అనగా?"

ధనుంజయరావుగారికి అర్థం కాలేదు. నాకూ వెంటనే తట్టలేదు. అక్క మాత్రం బల్ల మీంచి లేచింది.

"ఏమన్నారు?" అంది.

"తాలు లేదన్నాను."

అక్క ధనుంజయరావుగారి వైపు తిరిగింది. "తాలంటే రంగు పోయి తెల్లబడిన మిరపకాయ సార్. ఎంత మంచి సరుకులోనైనా ఎంతో కొంత ఉంటుంది. మా మామగారు యార్డులో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఒక్క టిక్కీని చూసి అన్నారట. దాని గురించి పోయేదాకా చెప్పుకున్నారు. ఈయన నాకు తెలిసి ఎప్పుడూ అనలేదు. మీకింకేం కావాలి? రాసుకోండి."

"క్షమించాలి. వాచిక విస్మయము పరిగణనలోనికి తీసుకొనబడదు" అన్నారు ధనుంజయరావుగారు. "ముఖమునందు కనపడవలెను."

"ఆయన మొహం అంతే సార్. ఆ మొహంతోనే నేను పాతికేళ్ళు కాపురం చేశాను."

"అది తమరి వ్యక్తిగత విషయము."

"అవును, నా విషయమే. నాకు కనపడకపోతే నేను అడుగుతాను. మధ్యలో మీకెందుకు?"

పొద్దున "ఏం చేసైనా సరే" అన్నది తనేనని నేను గుర్తు చెయ్యబోయాను. అక్క నా వంక చూసిన చూపుకి ఊరుకున్నాను.

"కనీసం మమ్మల్ని పంపించండి, నేను ఆయన తరఫున పూచీ ఉంటాను" అంది అక్క.

ధనుంజయరావుగారు ఆలోచించారు. భార్యకి మిగులు విస్మయం ఉంటే భర్త లోటుని దాంతో పూడ్చవచ్చని ఒక వెసులుబాటు ఉందన్నారు. ఇద్దరి సగటూ నలభై దాటితే చాలట. అక్కకి పొద్దున ఎనభై ఒకటి, బావకి రెండు. సగటు నలభై ఒకటిన్నర. నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే దంపతుల విస్మయం ఒకే సమయంలో కొలవాలట. ఇద్దర్నీ పక్కపక్కన రైలింగు దగ్గర నిలబెట్టారు.

బావకి రెండొచ్చింది. అక్కకి సున్నా వచ్చింది. లోయ ఎదురుగా ఉంది గానీ అక్క పళ్ళు బిగించి కెమెరా వంక చూస్తోంది.

దాంతో అక్క కూడా పునర్దర్శన కేంద్రంలోకి వచ్చేసింది. నేనొక్కణ్ణే వెళ్ళొచ్చన్నారు. నేను ఎక్కడికి వెళ్తాను? నేనూ అక్కడే కూర్చున్నాను. సిమెంటు బల్ల మీద అక్కా బావా పక్కపక్కనే కూర్చున్నారు.

"నాకు లోపల అవుతుంది ఇందూ" అన్నాడు మా బావ ఉన్నట్టుండి. "బయటికి రాదు. వచ్చే దారి మూసేశాను. మళ్ళీ తెరవడం తెలియటం లేదు."

అక్క ఆయన చొక్కా కాలరు మడత పడితే సరిచేసింది.

నేను లేచి అవతలికి వెళ్ళాను. గేటు దగ్గర ఒకావిడ కటకటాల్లోంచి లోపలికి క్యారియరు అందిస్తోంది. ధనుంజయరావుగారు అందుకుంటున్నారు. ఆయన భార్య అట. క్యారియరు అందుకున్నాక ఇద్దరూ కటకటాలకి ఇవతలా అవతలా నిలబడి పిల్లవాడి జ్వరం గురించి మాట్లాడుకున్నారు. ఆవిడ పక్కనే ఉన్న రాయి మీద కూర్చుంది, ఆయన తిని ఖాళీ గిన్నెలు తిరిగి ఇచ్చేదాకా.

"మీరు ఇంటికి వెళ్ళరా సార్?" అని అడిగాను, ఆయన పందిరి కిందికి వచ్చాక.

"నిబంధన అమలులోకి వచ్చినప్పటి నుంచి వెళ్ళలేదు" అన్నారాయన, మూత విప్పుతూ. "కనీస విస్మయం లేని ఏ వ్యక్తినీ బయటకు పంపరాదని నిబంధన. వ్యక్తి అని ఉన్నది. నేనూ వ్యక్తినే."

"మరి ఈ అమ్మాయి? ఈ కుర్రాళ్ళు?"

"వాళ్ళు ఔట్‌సోర్సింగ్. వాళ్ళను ఉద్యోగులుగా గానీ సందర్శకులుగా గానీ మా శాఖ గుర్తించలేదు. కావున వెళ్ళవచ్చును."

"మినహాయింపు అడగలేకపోయారా?"

"అడిగాను. మినహాయింపు ఇచ్చు అధికారము విస్మయ విభాగం సహాయ సంచాలకులదే అని తెలిపి నాకే పంపించారు. నా విషయంలో నేనే నిర్ణయం తీసుకొనుట సముచితం కాదు గనుక తిరస్కరించాను." కూర కలుపుకున్నారు. "అదీగాక నాకు మూడు పర్యాయములు కొలత తీశారు. మూడు పర్యాయములూ సున్నా. ముఖము లభ్యం కాలేదు అని వచ్చింది."

మా బావ తలెత్తాడు. "ఎందుకు లభ్యం కాలేదు సార్?"

"నేను ఇటు తిరిగి ఉంటాను కదా. సందర్శకుల ముఖములు పరిశీలించుట నా విధి. ముఖములు ఇటు ఉంటాయి. లోయ అటు ఉంటుంది."

లెక్చరరు కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు.

"అయితే మీరు లోయని చూడలేదా?" అన్నాడు మా బావ.

"ఛార్జి తీసుకున్న దినమున పొగమంచు. మరుసటి దినం నుంచి విధుల్లో ఉన్నాను. విధులు ముగియగానే లోపలకు పోయి నివేదికలు రాసుకుంటాను. కార్యాలయపు కిటికీ పార్కింగు వైపు ఉన్నది." పచ్చడి వేసుకున్నారు. "ఫొటోలు చూశాను."

"ఒకసారి చూడకూడదా సార్?"

"అది నా విధుల్లో లేదు."

"ఇప్పుడు మీరు అన్నం తింటున్నారు కదా. అది మాత్రం విధుల్లో ఉందా?"

ధనుంజయరావుగారు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు. భోజన విరామం అనే వెసులుబాటుని ఆయన ఈ కోణంలోంచి ఎప్పుడూ పరిశీలించినట్టు లేదు. మా బావ ఆయన చేతికి నీళ్ళు అందించాడు. ఆయన చెయ్యి కడుక్కున్నారు. ఇద్దరూ రైలింగు వైపు నడిచారు. అలవాటు కొద్దీ ఆయన రైలింగుకి వీపు ఆనించి మా వైపు తిరిగి నిలబడ్డారు. మా బావ ఆయన రెండు భుజాలూ పట్టుకుని, టిక్కీని తిప్పినంత జాగ్రత్తగా, అటు తిప్పాడు.

పొద్దు వాలుతోంది. వెలుగు అడ్డంగా వచ్చి ఎదుటి కొండకి తగులుతోంది. పొరలన్నీ లోపల్నుంచి వెలిగించినట్టు ఉన్నాయి. కింద ఏట్లో అప్పటికే నీడ పడింది. నీడ కొండ మీదుగా పైకి ఎక్కుతోంది.

ధనుంజయరావుగారు రైలింగు పట్టుకున్నారు. ఆయన కళ్ళజోడు ముక్కు చివరి దాకా జారింది. సర్దుకోలేదు. టై గాలికి భుజం మీదికి ఎగిరింది. నోరు తెరుచుకుంది, మెల్లగా, ఆయన ప్రమేయం లేకుండా.

గంట మోగింది. ఆగలేదు. మోగుతూనే ఉంది. కంప్యూటరు అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మీకు నూరు వచ్చింది. నూరు ఉంటుందని కూడా నాకు తెలియదు సార్."

ఆయనకి వినపడలేదు.

"ఇది," అన్నారు, ఎవరితోనో తెలియదు గానీ, "ఇది ఎప్పట్నించీ ఉందిక్కడ?"

లెక్చరరు గొంతు సవరించుకున్నాడు. గంగులమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "ఉండు సామీ, ఇప్పుడొద్దు" అంది.

ధనుంజయరావుగారు అలా ఎంతసేపు నిలబడ్డారో నేను చూడలేదు. తర్వాత వెనక్కి తిరిగారు. మమ్మల్నెవర్నీ గుర్తుపట్టినట్టు లేదు. నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళారు. ఆయన్ని చూడగానే గేటు తెరుచుకుంది. రాయి మీద కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడింది, ఖాళీ క్యారియరు కోసం చెయ్యి చాపింది. ఆయన క్యారియరు ఇక్కడే మర్చిపోయారు. చాపిన చేతిని పట్టుకున్నారు. "రేపు నువ్వూ లోపలికి రావాలి" అనడం మాకు వినపడింది. మామూలు తెలుగులోనే అన్నారు. ఇద్దరూ రోడ్డు మీదికి నడిచి వెళ్ళిపోయారు.

"మరి మా సంగతేంటమ్మా?" అని అక్క కంప్యూటరు అమ్మాయిని అడిగింది.

ఆ అమ్మాయి ఆలోచించింది. "సారు లేకుండా మిమ్మల్ని వదిలే అధికారం నాకు లేదమ్మా. ఆపే అధికారం కూడా లేదు."

"మరెట్లా?"

"నాకు టైమయింది, నేను ఇంటికి వెళ్తాను. కంప్యూటరు కట్టేస్తే గేటు తెరిచే ఉంటుంది. మూసే అధికారం కూడా నాకు లేదు." హ్యాండుబ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

మేము కూడా వెళ్ళాం. లెక్చరరు బస్సు కోసం పరుగెత్తాడు. గంగులమ్మ మేకల్ని తిట్టుకుంటూ కాలిదారి పట్టింది.

ధనుంజయరావుగారి మీద తర్వాత విచారణ జరిగిందని పేపర్లో చదివాను. విధుల్లో ఉన్న అధికారి అనుమతి లేకుండా సందర్శక స్థాయి విస్మయానికి లోనైనందుకు సంజాయిషీ అడిగారట. విధుల్లో లేను, భోజనంలో ఉన్నాను అని ఆయన రాశారట. ఆ జవాబు మీద ఒక సంఘం వేశారు. సంఘం లోయని పరిశీలించడానికి వచ్చి, సభ్యులకి తగినంత ఆశ్చర్యం కలగక, ఇంకా అక్కడే ఉందట. వాళ్ళకి భోజనాలు బయటి నుంచి క్యారియర్లలో వెళ్తున్నాయి. వాళ్ళని విడిపించడానికి ఇంకో సంఘం వేసే ప్రతిపాదన ఉంది గానీ సభ్యులుగా చేరడానికి ఎవరూ ముందుకి రావడం లేదని రాశారు.

అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మేము కారెక్కి ఘాట్ రోడ్డులో దిగుతున్నాం. అక్క వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉంది. ఇక ఏమీ అడగదలుచుకోలేదని తెలుస్తూనే ఉంది. ఒక మలుపులో చెట్లు పలచబడి లోయ మళ్ళీ కనిపించింది. అక్కడ టిక్కెట్టు లేదు, రైలింగు లేదు, కెమెరా లేదు. రోడ్డు పక్కన కంకర కుప్ప ఒకటి ఉంది, అంతే.

"మధూ, కాస్త ఆపు" అన్నాడు మా బావ.

ఆపాను. ఆయన దిగి కంకర కుప్ప దాటి అంచు దగ్గరికి వెళ్ళాడు. నేనూ, అక్కా దిగాం. చివరి వెలుగు ఎదుటి కొండ నెత్తి మీద మిగిలి ఉంది. మా బావ చేతులు వెనక్కి కట్టుకోలేదు. పక్కకి వదిలేసి నిలబడ్డాడు.

నాకు ఆయన మొహం చూడాలనిపించింది. రెండడుగులు పక్కకి వేస్తే కనపడేది. అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"చూడకు" అంది మెల్లగా. "ఇటు తిరుగు."

ఇద్దరం లోయకి వీపు పెట్టి కారు వైపు తిరిగి నిలబడ్డాం. వెనకనుంచి చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు, "పర్లేదు" అన్న మాట కూడా. అక్క మాత్రం నవ్వుతోంది. ఎందుకు నవ్వుతున్నావని నేను అడగలేదు.